రెండో వైపు చివరి పాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, పురిటికి వచ్చిన రెబ్కా అక్క, గాజులమ్మే మస్తాన్ గారి అమ్మాయి కరీమున్, ప్రేమమ్మత్త, పాస్టరు అయ్యగారు, నేను. కోడిపెట్టను బయటికి తోలేశారు, మధ్యలో అరిస్తే రికార్డులో పడుతుందని. గోడ గడియారాన్ని దించి దుప్పట్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టారు. నన్నడిగితే ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు. ప్రేమమ్మత్త కూతురు ఎలీసమ్మ, నాకు వదిన వరస. ఆమె చనిపోయి ఆరేళ్ళయింది. ఆమె గొంతున్న క్యాసెట్టు టేపురికార్డరులో తిరుగుతూ ఉంది. తిరిగే కొద్దీ చెరిగిపోతూ ఉంది. దాని మీద అయ్యగారి ప్రసంగం పడుతూ ఉంది.

క్యాసెట్టు వెనక రెండు చిన్న పళ్ళుంటాయి. పాటల క్యాసెట్టయితే కంపెనీ వాళ్ళే వాటిని విరగ్గొట్టి పంపుతారు, దాని మీద ఇంకెవరూ రికార్డు చేయకుండా. ఆ గుంతల్లో కాగితం కుక్కితే మళ్ళీ రికార్డవుతుంది. మా ఇంట్లో ఆ పని నాది, నా వేళ్ళు సన్నం కాబట్టి. సంఘానికి ఉన్న ఒకే ఒక్క టేపురికార్డరు మా ఇంట్లో ఉంటుంది, నాన్న సంఘ పెద్ద కాబట్టి. "సలోమీ, కాగితం పెట్టమ్మా" అన్నాడు నాన్న, మంచినీళ్ళు తెమ్మన్నంత మామూలుగా. నేను వదులుగా పెట్టి ఉండొచ్చు. అప్పుడు రికార్డు చేసే ఎర్రమీట కిందికి దిగేది కాదు, నాన్న రెండుసార్లు నొక్కి చూసి, ఇది పనికి రాదండీ అనేవాడు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి, కాగితాన్ని చుట్టి, తడిపి, గట్టిగా కుక్కేశాయి. చెప్పినట్టు వినడం నా వేళ్ళకు అలవాటు. నా నోటికి మరీ అలవాటు. బళ్ళో పంతులుగారు హాజరు పిలిస్తే నేను పలికింది వినపడక సగం రోజులు నన్ను రాలేదని రాసుకునేవారు.

అసలు వీళ్ళంతా వచ్చింది ప్రసంగానికి కాదు. కోటప్పకొండ తిరునాళ్ళ వెళ్ళిన వారంలో ఒక మధ్యాహ్నం, నాన్న మిరప చేలో ఉండే వేళ చూసి, తలుపు దగ్గరికి వేసుకుని మేం ఎలీసొదిన క్యాసెట్టు వింటాం. ఏటా అంతే. ఈసారి క్యాసెట్టు పెట్టబోతుండగా బయట మోటారు సైకిలు ఆగింది, అయ్యగారి వెనక నుంచి నాన్న దిగాడు. గదిలో చాప నిండా మనుషుల్ని చూసి అయ్యగారికి పట్టరాని సంతోషమైంది. "జక్రయ్యా, నీది ఇల్లు కాదయ్యా, సంఘమే! ఇదిగో, సాయిబుల అమ్మాయి కూడా వాక్యం కోసం వచ్చి కూర్చుంది చూడు" అన్నారు. కరీమున్ ముసుగు సర్దుకుని "అవునండి" అంది. రెబ్కా అక్క తన పెద్ద పొట్ట పట్టుకుని గోడ వైపు తిరిగింది, నవ్వు కనపడకుండా. రేపు పొద్దున్నే అయ్యగారు పొదిలి అవతల పల్లెలకు పోతారట. అక్కడ పాస్టర్లు లేరు, ఈస్టరు ముందు నలభై శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం ఈ ప్రసంగం వేసి వినిపించాలట. కొత్త క్యాసెట్టు కావాలంటే వినుకొండ పోవాలి. "వినుకొండ దాకా ఎందుకండీ, ఇంట్లో ఆ డిస్కో చెత్త ఉందిగా, అదైనా దేవుడి పనికొస్తది" అన్నాడు నాన్న. ఆ చెత్తను కన్న తల్లి చేట పక్కన గోడకానుకుని కూర్చునే ఉంది. నాన్న అటు చూడలేదు.

ప్రేమమ్మత్త ఏమందంటే, "అట్టాగే అన్నయ్యా, అయ్యగారి మాటలు కూడా దాంట్లో పడితే మా పిల్లకీ మంచిదేగా" అంది. ఆమె ఏమనుకుంటుందో నాకు తెలుసు. ట్రంకు పెట్టెలో పాత చీర మీద కొత్త చీర పెడితే పాత చీర ఎక్కడికి పోతుంది, కిందే ఉంటుంది. అలా పాట కింద ఉంటుంది, ప్రసంగం పైన ఉంటుంది, కావలసినప్పుడు పైది తీసి కిందది వినొచ్చు. చెరిగిపోతుంది అత్తా, ఇంక ఉండదు అని ఒక్క మాట చెప్పాలి. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు, ఆమెకు తప్ప. ఒక్కళ్ళమూ నోరు తెరవలేదు. మొదటి వైపు పోయిన ఆదివారమే పోయింది, కీర్తనలు రికార్డు చేసినప్పుడు. ఆ సంగతీ ఆమెకు తెలియదు. ఆ కీర్తనలు పాడిన వాళ్ళలో వెనక వరసలో నేనూ ఉన్నాను, పెదవులు కదుపుతూ.

ఎర్రమీట, దాని పక్క మీట కలిపి నొక్కాక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, తుమ్మకూడదు, గాజులు చప్పుడు చేయకూడదు. కరీమున్ చేతుల నిండా ఉన్న గాజుల్ని మోచేతి దాకా తోసి కొంగుతో చుట్టేసుకుంది. అమ్మ నోట్లో గుడ్డ పెట్టుకుంది, ఎందుకంటే కళ్ళం ఇంటి వెనకే, ఎండలో కాయలు కాగుతుంటే ఆ ఘాటు కిటికీ సందుల్లోంచి వస్తుంది. అయ్యగారు గొంతు సవరించుకుని నాలుక గురించి మొదలుపెట్టారు. ఉపవాసం అంటే అన్నం మానడం ఒక్కటే కాదు, మాట మానడం. నాలుకను కట్టుకున్న ఇంట్లో శాంతి ఉంటుంది. ముఖ్యంగా ఆడపిల్లలు, అన్నారు. నేను ఆయన వైపు చూడలేదు. టేపురికార్డరు గాజు కిటికీలోంచి కనపడే రెండు చక్రాల వైపు చూస్తున్నాను. నాకు ఈ క్యాసెట్టు ఎంత వచ్చంటే ఎడమ చక్రం ఎంత లావుంటే ఏ పాట నడుస్తుందో చెప్పగలను. రెండో వైపు మొదటిది బస్సు పాట, కండక్టరు ఈలతో మొదలవుతుంది. ఈల పోయింది. డ్రైవరన్నా డ్రైవరన్నా అని ఆమె పిలిచే పిలుపు పోయింది. అయ్యగారు "ప్రియులారా" అన్నచోట బస్సు హారన్ ఉండాలి. రెబ్కా అక్క వైపు చూశాను. చాప మీద ఆమె కాలి బొటనవేలు కదులుతూ ఉంది, హారన్ ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడ. అంటే అక్క కూడా వింటోంది. కరీమున్ తల సన్నగా ఊగుతోంది, అయ్యగారి మాటలకు ఊగుతుందని అయ్యగారు అనుకుంటున్నారు. ఎవరి తలలో వాళ్ళం అదే క్యాసెట్టు వింటున్నాం, బయట అది చచ్చిపోతుంటే.

చచ్చిపోవడం కాదు. ఆమె ఒకసారి చచ్చిపోయింది, అది చాలు. ఇది చంపడం, పేరు పెట్టి చెప్పాలంటే. ఈ మాట నేను పైకి ఎప్పుడూ అనలేను, కానీ లోపల అనుకోవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కదా. ఎలీసొదినకు మొదట స్వరాలు నేర్పింది నాన్నే. చర్చిలో హార్మోనియం నాన్న వాయించేవాడు, పక్కన ఆమె నిలబడి పాడేది, పల్లెలో ఎవరి గొంతూ ఆ గొంతు ముందు నిలిచేది కాదట. ఒక ఏడు కోటప్పకొండ తిరునాళ్ళలో మస్తాన్ గారి గాజుల కొట్టుకు సాయంగా ఆమె కూడా వెళ్ళింది. ఆ సంగతి కరీమున్ ఏటా చెబుతుంది, తిరునాళ్ళకు కట్టే ఆ వెదురు ప్రభకు ఏటా బల్బులు పెరుగుతూ ఉంటాయి. "ఆకాశమంత ప్రభే! దాని ముందు బల్లలు కట్టి ఆర్కెస్ట్రా వాళ్ళు. పాడే ఆమెకు గొంతు పట్టేసింది, జనం ఈలలు, రాళ్ళేసేట్టున్నారు. మా కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పోయి బల్ల ఎక్కిందే! చేతికి మా గాజులు, ఇంకా కొలత చూసుకుంటా ఉంది, అవి తియ్యకుండానే పాడింది. మా నాన్న ఈరోజుకీ ఆ గాజులడగలా." శివుడి తిరునాళ్ళలో, ప్రభ ముందు, సినిమా పాట, మన పిల్ల. ఆ కబురు ఆమె ఇంటికి రాకముందే పల్లెకు వచ్చేసింది.

తరవాతి ఆదివారం నాకు బాగా గుర్తుంది, చిన్నదాన్నే కానీ ముందు చాప మీద కూర్చున్నాను. నాన్న హార్మోనియం తిత్తి మూసి, "నీ పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడు. కోప్పడలేదు. ఎలీసొదిన కీర్తనల పుస్తకాన్ని హార్మోనియం మీద పెట్టింది, చర్చి మెట్ల మీద కూడా గర్వంగానే నిలబడిందని అంటారు, నాకు ఆమె వీపు మాత్రమే కనపడింది. నాన్నే లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. వచ్చి వాయించాడు. తప్పు వాయించాడు, అది నాకు ఎలా తెలిసిందో తెలియదు గాని తెలిసింది.

రెండో పాట కూడా పోయింది. వాన పాట. దాంట్లో ఆమె నవ్వు ఉంది, ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య, వాద్యాల వెనక. వినుకొండ సినిమాహాల్లో, చీరాల బస్టాండులో, పత్తి లారీల్లో, టైలరు కొట్లలో, పల్లె వదిలి వెళ్ళాక కొన్నాళ్ళు ఎక్కడ చూసినా క్యాసెట్లలో ఆమే పాడేది. మిస్ లీసా అని అట్టల మీద, నల్లకళ్ళజోడు పెట్టుకుని. ఎలీసమ్మను లీసా చేసుకుంది. ఆదివారం చర్చిలో ఆమె పేరెత్తని వాళ్ళు సోమవారం పత్తి చేలో ఆమె పాటలే పాడేవాళ్ళు. తరవాత పచ్చకామెర్లు, బెజవాడలో ఆస్పత్రి, పెట్టె. ఆమె చనిపోయిన ఏడాదికి ఈ క్యాసెట్టు వచ్చింది, ఆమె పాడి వదిలేసినవన్నీ పోగు చేసి. అట్ట మీద ఆమె బొమ్మకు నల్ల అంచు, కింద 'మిగిలిన పాటలు' అని. కంపెనీ వాళ్ళు ప్రతి పాటకూ వయొలిన్లు కలిపారు, ఏడిచే వయొలిన్లు. మేం ఏడ్చాం. పల్లెలో ఆడవాళ్ళంతా ఏడ్చారు. అక్క తన పెళ్ళప్పుడు ఇదే క్యాసెట్టు ఇంకోటి కొనుక్కుంది, దాన్ని అత్తగారింటి టేపురికార్డరు నమిలేసింది. కరీమున్ కొనుక్కున్న దాని మీద ఆమె మరిది కవ్వాలీ ఎక్కించుకున్నాడు. చీరాల్లో అడిగితే, అది ఎప్పుడో ఆగిపోయిన సరుకమ్మా అన్నారట. మిగిలింది మాది ఒక్కటే.

ఏడవడం మానేసింది రెండేళ్ళ క్రితం. ముందు అక్కే కనిపెట్టింది. "ఆ వయొలిన్లు తీసేసి వినండే" అంది. ఎలా తీసేస్తామని కరీమున్ నవ్వింది. "చెవితో తియ్యి. బియ్యంలో రాళ్ళు తియ్యట్లా? తీసి విను. అది ఏడుస్తా పాడిందా, నవ్వుతా పాడిందా?" మళ్ళీ పెట్టుకుని విన్నాం. అక్క చెప్పింది నిజం. ఏడుపు కంపెనీది. ఎలీసొదిన ఒక్క పాటలో కూడా ఏడవలేదు. మేం ఇన్నాళ్ళూ ప్రేమ పాట అనుకున్న దాంట్లో ఆమె ఎవరినో ఎగతాళి చేస్తోంది, వాన పాటలో తడవను పొమ్మంటోంది. అప్పటి నుంచి క్యాసెట్టు మారిపోయింది నాకు. అదే టేపు, అదే గొంతు, కానీ అంతకు ముందు సమాధి మీద పూలలా విన్నది తరవాత నాతో ఎవరో నేరుగా మాట్లాడుతున్నట్టు వినపడింది. డైరీలో ఆ రోజు ఒకటే ముక్క రాసుకున్నాను, ఆమె ఎవరికీ భయపడలేదు అని. రాసుకుని దాచుకున్నాను. దాచుకోవడమే నాకు చేతనైంది.

చివరి పాటకు మాత్రం వయొలిన్లు లేవు. ఎందుకో వదిలేశారు. డోలక్కు, చిటికెలు, ఆమె, అంతే. పాట అయిపోయాక ఆమె మామూలు గొంతుతో, మన ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టు, "ఇది బాగా రాలేదు. మళ్ళీ పాడతాను" అంటుంది. టక్కుమని ఆగిపోతుంది. కంపెనీ వాళ్ళు కోసేయడం మరిచిపోయారో, కావాలని ఉంచారో. అక్కడికి వచ్చేసరికి ఏటా గొడవే. అక్క అంటుంది, "బాగా రాలేదని అదే చెప్పిందిగా, దాని మాట వినకుండా ఎట్టా అమ్ముకున్నారే?" కరీమున్ అంటుంది, "అమ్ముకోబట్టే మనకి దక్కింది. లేకపోతే బెజవాడలో బీరువాలో బూజు పట్టేది." ప్రేమమ్మత్త అంటుంది, "బొంగురు పోయింది, వింటున్నారా? చల్లన్నం తినుంటది. చెబితే వినేదా!" అని, ఆ ముక్క ఇంకోసారి పెట్టవే అంటుంది. నేను పెన్సిలు పెట్టి టేపు వెనక్కి తిప్పుతాను. ఇంకోసారి. ఇంకోసారి. ఆమె వచ్చేది పాటలకు కాదు. ఆ ఒక్క మాటకు. కూతురి పాటలు ఎవరికైనా ఉంటాయి, కూతురు మాట్లాడిన మాట ఆమెకు ఇదొక్కటే ఉంది. మొదటి ఏడు, ఇంకా తలుపులు తీసి వినే రోజుల్లో, ఆ మాట వచ్చేసరికి నాన్న లేచి గేదెకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు. గేదె అప్పుడే తాగి పడుకుని ఉంది.

అయ్యగారు నాలుకను నిప్పుతో పోల్చి, కత్తితో పోల్చి, కళ్ళెం లేని గుర్రంతో పోల్చారు. మూడో పాట పోయింది. నాలుగోది సగం పోయింది. ఎడమ చక్రం సన్నబడి మధ్యలోని తెల్ల ఇరుసు కనపడుతోంది. ఇంకాసేపటికి మీట టక్కున లేస్తుంది, అందరూ ఊపిరి వదులుతారు, అమ్మ కాఫీ పెడుతుంది. అయ్యగారు వెళ్ళిపోతారు. అప్పుడు ప్రేమమ్మత్త అంటుంది, "ఏమే సలోమీ, ఇప్పుడు మా పిల్లది పెట్టు." ఆ మాట నాతోనే అంటుంది, టేపు తిప్పేది నేను కాబట్టి. నేను ఏం చెప్పాలి? ఆమె చీర కింద చీర వెతుకుతుంది. పెన్సిలు తీసుకుని తిప్పుతూనే ఉండాలా? నాన్న చెబుతాడా? నాన్న గేదె దగ్గరికి వెళతాడు. అక్కకు నొప్పులొస్తాయని ఎవరూ మాట్లాడనివ్వరు. నేను తల దించుకుంటాను. నేను బాగా చేసే పని అది. పదహారేళ్ళుగా అందరూ మెచ్చుకునే పని, మీ చిన్నమ్మాయి ఎంత నెమ్మదండీ, ఉన్నట్టే తెలియదు. ఉన్నట్టే తెలియదు. ఈ క్యాసెట్టు కూడా రేపటి నుంచి అంతే. పొదిలి అవతల ఏ పల్లెలోనో చెట్టు కింద ఈ టేపు తిరుగుతుంది, నాలా నోరు మూసుకున్న ఆడపిల్లలు చాపల మీద కూర్చుని నోరు మూసుకోమని వింటారు, ఆ మాటల కింద ఒకామె చిటికెలు వేసి పాడిందని ఒక్కళ్ళకీ తెలియదు.

టేపురికార్డరు ముందు చిల్లుల పలక ఉంది, మైకు అందులోనే. అది మనుషుల్ని ఎంచదు. అయ్యగారి గొంతు, కోడి గొంతు, గాజుల చప్పుడు, ఏది వినపడితే అది రాసుకుంటుంది. అందుకే కదా కోడిని తోలేసింది. నన్ను తోలేయలేదు. నన్ను తోలేయాలని ఎవరికీ తోచలేదు.

చిటికె. చివరి పాట మొదటి చిటికె ఇక్కడ పడాలి. అక్క బొటనవేలు ఆగిపోయింది. కరీమున్ కళ్ళు మూసుకుంది. ప్రేమమ్మత్త మాత్రం, తన పిల్ల కింద భద్రంగా ఉందన్న ధీమాతో, టేపురికార్డరు వైపు చూసి చిన్నగా నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచావని ఎవరూ అడగలేదు, అడిగితే రికార్డులో పడుతుంది. నోరు తెరిచాను. మొదట ఘాటు వచ్చింది, తరవాత గాలి వచ్చింది, తరవాత అది వచ్చింది.

"నల్లరేగడి అంటిన కాళ్ళు నావి, నడిచే దారి నాది..."

ఎంత ఘోరంగా ఉందో నాకు తెలుసు. తాళం తీయని పెట్టెలోంచి వచ్చినట్టుంది. అయ్యగారు ఒక మాట మధ్యలో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. అమ్మ నోట్లో గుడ్డ తీసి "ఒసే" అనబోయి ఎర్రమీటను చూసి మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఎవరూ అరవడానికి లేదు! వాళ్ళు పెట్టిన కట్టుబాటే వాళ్ళను పట్టుకుంది, ఆ గదిలో నోరున్నది నాకొక్కదానికే. అయ్యగారి కళ్ళు నాన్న వైపు తిరిగాయి. నేను రెండో చరణం అందుకున్నాను, గొంతు జారింది, అప్పుడు చేట పక్క నుంచి ప్రేమమ్మత్త, కట్టుబాటూ గిట్టుబాటూ ఏమీ పట్టని గొంతుతో, "గొంతెత్తవే పిల్లా, అక్కడ పైకి పోవాల!" అని, చేట బోర్లించి అరచేత్తో దరువు వేసింది. అక్క చిటికె వేసింది. కరీమున్ కొంగు విప్పేసింది, గాజులన్నీ ఒక్కసారి ముంజేతి మీదికి జారిపడ్డాయి.

"ఆగమనే నోరు నీది, ఆగని పాట నాది..."

నాన్న లేచాడు. నా దగ్గరికి రావాలంటే టేపురికార్డరును దాటి రావాలి. ఒక్క మీట నొక్కితే అయిపోయేది. ఆ మీట పక్కనే ఆయన చెయ్యి కనపడింది, హార్మోనియం మెట్ల మీద నడిచిన చెయ్యి, మిరపకాయల మంటకు వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నొక్కలేదు. దాటి వచ్చాడు. వచ్చి నా భుజం పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. నేను పాడుతూనే నడిచాను, చాప దాటాను, అమ్మ కాళ్ళు దాటాను, చక్రాలు వెనక ఉన్నాయి కాబట్టి ఇంకెంత టేపు ఉందో తెలియదు, నా కడుపులో మాత్రం తెలుసు, ఇంక ఆ మాట ఉన్న చోటే మిగిలింది. గడప దాటాక కాళ్ళకు కళ్ళం ఎండ తగిలింది. వెనక్కి తిరిగాను. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, ప్రేమమ్మత్త చెయ్యి చేట మీద ఆగి ఉంది. నేను బడిలో హాజరు చెప్పినట్టు కాకుండా, చివరి చాప దాకా, చిల్లుల పలక దాకా వినపడేట్టు చెప్పాను.

"ఇది బాగా రాలేదు. మళ్ళీ పాడతాను."

నాన్న గడప లోపల నిలబడి నా వైపు ఒక్క క్షణం చూసి, తలుపు వేశాడు.